కరెంటు వచ్చాక మొదటి మాట

గేజీ గది, దుమ్ముగూడెం మండలం
15 జూన్ 2008

ఒరేయ్ అజ్మల్,

నీ డబ్బా నిద్రపోయింది. నువ్వు వచ్చి దాన్ని గోడకు బిగించి, నా చేతి టీ తాగి, "ఇగ నువ్వు కాళ్లు చాపుకొని కూసో పగిడీ, గోదారి నీళ్లు అదే కొలుస్తది, అదే పంపుతది" అని చెప్పి వెళ్లిన ఇరవై మూడో రోజున.

పొద్దున తొమ్మిదింటికి గాలివాన వచ్చి కరెంటు పోయింది. బ్యాటరీ అరగంట లాగి చేతులెత్తేసింది. పదకొండింటికి కరెంటు వచ్చింది కానీ నీ డబ్బా మీద పచ్చ దీపం రాలేదు. పాత లాప్‌టాప్‌కు తీగ తగిలించి చూశాను. తెర మీద ఒక బాణం గుర్తు, పక్కన టపటప కొట్టుకుంటున్న గీత. నువ్వు కాగితం మీద రాసిచ్చినట్టు 'బూట్' అని కొట్టాను. లేచింది. పాలిటెక్నిక్‌లో మూడో సంవత్సరం వదిలేసినా నాకు ఆ మాత్రం తెలివి మిగిలే ఉందని మీ కంపెనీలో చెప్పు.

సోమవారం భద్రాచలం ఆఫీసు నుంచి వెంకటరామారావు సారు జీపులో వచ్చాడు. నా ముఖం చూడకుండా నది వైపు చూస్తూ మాట్లాడాడు. "పగిడయ్యా, అక్టోబరు ఆఖరుదాంక ఈ మిషను మంచిగ నడిస్తె నీళ్ల మట్టం జూసే గేజ్ రీడర్ పోస్టులు ఉండవు. రికార్డు సాఫుగున్నోళ్లను భద్రాచలం ఆఫీసుల హెల్పర్లుగ తీసుకుంటరు. నీది పదమూడేండ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేదు. నీకేం ఫికరు?" అన్నాడు. ఫికరు లేదనే అన్నాను. హెల్పరైతే కనీసం నలుగురు మనుషుల మధ్య కూర్చోవచ్చు. మా ఇంటిది చిన్నక్క పోయి మూడేళ్లైంది. ఈ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినబడుతోంది.

భద్రాచలం కంట్రోల్ రూములో వైర్‌లెస్ చూసే రాందాస్ గారు పోయిన నెల రిటైరయ్యాడు. ఇక వైర్‌లెస్ బంద్, సెట్లు వాపసు ఇవ్వమని కాగితం వచ్చింది. ఇప్పుడు అంతా నీ డబ్బానే. అందుకే అది నిద్రపోతే నాకు భయం.

జల్దీ రాయి. పోస్టుమ్యాన్ ముసలయ్య మంగళ, శుక్రవారాలే వస్తాడు.

నీ పగిడయ్య


హైదరాబాద్
24 జూన్ 2008

పగిడీ,

ఉత్తరం అందింది. నా డబ్బాను తిట్టినా భరిస్తాను కానీ నా చేతి కాగితాన్ని జాగ్రత్తగా దాచుకున్నందుకు షుక్రియా. కాలేజీలో నా నోట్సు ఒక్కటీ దాచలేదు నువ్వు, చింపి బీడీలు చుట్టావు.

ఆ బాణం గుర్తు కథ చెప్తాను. బోర్డుకు కరెంటు రాగానే ముందు బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుంది. నీళ్లు కొలిచే పెద్ద ప్రోగ్రాంను లేపడమే దాని పని. లేపేముందు పది సెకన్లు ఆగుతుంది, ఎవరైనా తీగ తగిలించుకొని కీ నొక్కుతారేమోనని. ఏ చిన్న అక్షరం వచ్చినా 'మనిషి వచ్చాడు, నాతో పనుంది' అనుకొని అక్కడే ఆగిపోతుంది. మనిషి మళ్లీ చెప్పేదాకా ఎన్ని రోజులైనా ఆగుతుంది. మీ దగ్గర జరిగింది అదే. కరెంటు వచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరి, ఏదో చెత్త అక్షరం తీగలోకి దూరి ఉంటుంది.

మందు సులువు. డివైస్ ట్రీ అని ఒక ఫైలుంది. బోర్డు మీద మెమరీ ఎంత, నీళ్లు కొలిచే సెన్సరు ఎక్కడ, లెక్క పంపే డిష్ ఎక్కడ, అన్నీ కొమ్మలు కొమ్మలుగా అందులో రాసి ఉంటాయి. అందులో రాయని వస్తువు ఎదురుగా ఉన్నా బోర్డుకు కనబడదు. బూట్‌లోడర్ సెట్టింగులు కూడా అందులోనే ఒక కొమ్మకు తగిలిద్దామని చెప్పింది నేనే. ప్రోగ్రాం ముట్టుకోకుండా ఒక్క అంకె మారిస్తే చాలు. పదిని మూడు చేశాను. అది చెవి పెట్టే సమయం తగ్గితే చెత్త దూరే అవకాశమూ తగ్గుతుంది. సున్నా చేయొచ్చు కానీ అప్పుడు తలుపు మూసుకుపోతుంది. రేపు ఏదైనా పాడైతే తీగ తగిలించినా లోపలికి పోలేం, బోర్డు ఊడదీసి ఇక్కడికి తేవాలి.

కొత్త ఫైలు మెమరీ కార్డులో పంపుతున్నాను. ఎక్కించే పద్ధతి వెనక పేజీలో ఉంది. పాత ఫైలును ముందు రెండో చోట దాచి, తర్వాతే కొత్తది ఎక్కించు. తప్పు ఫైలు ఎక్కితే బోర్డు రాయితో సమానం.

మలికా, పాప ఖమ్మంలోనే ఉన్నారు. ఇక్కడ కిరాయికి రెండు గదులు అడిగితే, నా పేరు వినగానే ఇంటివాళ్లకు అప్పటికప్పుడు చుట్టాలొచ్చేస్తారు. ఆఫీసు వెనకే ఒక గదిలో ఉంటున్నాను. వండుకోను, మాట్లాడను. నీకంటే మేలేం కాదు, నీకు నది అయినా ఉంది.

అజ్మల్


గేజీ గది, దుమ్ముగూడెం మండలం
22 జులై 2008

అజ్మల్,

నీ కొత్త ఫైలు ఎక్కించాను. ఎక్కించాక తెర మీద మూడు, రెండు, ఒకటి అని పడుతూ పెద్ద ప్రోగ్రాం లేస్తుంటే ఒంటరిగానే చప్పట్లు కొట్టాను. ముసలయ్య అప్పుడే వచ్చి తలుపులో నిలబడి, "ఏందయ్యా, ఎవలొచ్చిండ్రు?" అని అడిగాడు. ఎవరూ రాలేదని చెప్పడానికి సిగ్గేసింది.

ఆ చప్పట్లు పది రోజులు కూడా నిలవలేదు. ఈ నెలలో కరెంటు ఐదుసార్లు పోయి వచ్చింది. మూడుసార్లు లేచింది, రెండుసార్లు మళ్లీ బాణం గుర్తు దగ్గర ఆగింది. రెండుసార్లూ గంటలోపే చూసి లేపాను. ఆఫీసులో మాత్రం ఆ రెండు గంటలూ ఖాళీ అని రాసుకున్నారట.

తీగ మాత్రం బల్ల దాకా అలాగే వేలాడుతోంది, లాప్‌టాప్‌కు తగిలించి లేదు. నేను దాన్ని ముట్టుకోలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమవుతుందనుకుంటాను. మొన్న జీపు డ్రైవరు నవ్వుతూ అన్నాడు, "మిషను ఫెయిలైతె నీ నౌకరి పదిలం గదా పగిడన్నా" అని. నవ్వుతూనే అన్నాడు.

వానలు ఆగడం లేదు. అవతలి ఒడ్డు కనబడటం మానేసి వారమైంది. నువ్వు ఒకసారి వచ్చి నీ కళ్లతో చూస్తే బాగుండేది. డబ్బా కోసమే రానక్కర్లేదు.

పగిడయ్య


హైదరాబాద్
18 ఆగస్టు 2008

పగిడయ్యకు,

సూటిగా రాస్తున్నాను, ఏమనుకోకు.

పదమూడో తారీకున పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా మీ స్టేషను నుంచి ఒక్క అంకె రాలేదు. ఆ ఆరు గంటల్లోనే నీళ్లు తొమ్మిది అడుగులు పెరిగాయి. కింద గుంపు పల్లెలో ఇళ్లలోకి నీళ్లు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. వెంకటరామారావు సారు మా ఎండీకి ఫోన్ చేసి అరిచాడు. ఎండీ నన్ను నిలబెట్టి అడిగాడు.

డబ్బా లేచాక అంతకుముందు ఎందుకు ఆగిందో తనే రాసి పంపుతుంది. ప్రతిసారీ ఒకటే కారణం. 'కీ అందింది.' మూడు సెకన్ల సందులో, మూడుసార్లు, సరిగ్గా కరెంటు వచ్చినప్పుడే. వోల్టేజి అనుకుందామంటే వరంగల్ వైపు పెట్టిన పదకొండు డబ్బాలూ ఒక్కసారి కూడా ఆగలేదు. అక్కడ కరెంటు మీ దగ్గరకంటే అధ్వానం. ఆ పదకొండింటికీ మీ స్టేషనుకూ తేడా ఏమిటని ఎండీ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర ఉంది.

ఆ పోస్టు పోతుందని నీకు ఎంత దిగులో నాకు తెలుసు. నువ్వు నొక్కావని నేను అనడం లేదు. నొక్కావా అని అడుగుతున్నాను. నాతో అబద్ధమాడకు.

మీ సారు రాతపూర్వకంగా రిపోర్టు అడిగాడు. నీ జవాబు వచ్చేదాకా రాయనని మాటిస్తున్నాను.

అజ్మల్


గేజీ గది, దుమ్ముగూడెం మండలం
25 ఆగస్టు 2008

అజ్మల్ సారుకు,

నమస్కారం. తమరి ఉత్తరం శుక్రవారం అందింది. మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. కోపంతో రాసిన రెండు కాగితాలు పొయ్యిలో వేశాను. ఇది మూడోది, దీన్నీ వేయకముందే ముసలయ్య చేతికి ఇవ్వాలి.

నేను నొక్కలేదు.

కానీ నీకు చెప్పని సంగతి ఒకటుంది. అది దాచడం తప్పే. వైర్‌లెస్ సెట్టు వాపసు ఇవ్వలేదు. బల్ల మీదే ఉంది, గుడ్డ కప్పి. నేను నౌకరిలో చేరిన మొదటి వానాకాలం రాందాస్ గారు సెట్టులో నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. "కరెంటు పోయొచ్చినంక ముందుగాల సెట్టు బటను ఒత్తు. నీ స్టేషను పేరు చెప్పు, ఉన్ననని చెప్పు. నీళ్ల లెక్క తర్వాత. మనిషున్నడని తెలిస్తెనే మాకిక్కడ ధైర్యం." పదమూడేళ్లు అదే చేశాను. అవతలి నుంచి "అవ్, ఇనబడ్డది పగిడయ్యా" అనేవాడు. చిన్నక్క పోయిన రోజు కూడా కరెంటు వచ్చింది, నేను బటన్ ఒత్తి ఉన్నానని చెప్పాను, ఆయన "ఇనబడ్డది" అన్నాడు. ఆ రోజు నాతో మాట్లాడింది ఆయనొక్కడే.

ఇప్పుడు అవతల ఎవరూ లేరు. తెలుసు. అయినా కరెంటు రాగానే చెయ్యి బటన్ మీదికి పోతుంది. చేతి అలవాటని ముందు అనుకున్నాను. అది నిజం కాదు. రోజుకు ఒక్కసారైనా ఎవరికో 'ఉన్నాను' అని చెప్పకపోతే ఉన్నానో లేదో నాకే అనుమానంగా ఉంటోంది. కొన్నిసార్లు కరెంటు ఉన్నప్పుడు కూడా చెప్తాను. బంద్ చేసిన సెట్టులో మాట్లాడటం రూలుకు విరుద్ధం, అందుకే ఎవరికీ చెప్పలేదు. నవ్వుతావని నీకూ చెప్పలేదు.

పదమూడున నాకు నాలుగో రోజు జ్వరం. ఏడింటికి కరెంటు వచ్చింది. బటన్ ఒత్తి ఉన్నానని చెప్పి, డబ్బా వైపు చూడకుండా సూది మందు కోసం దుమ్ముగూడెం దవాఖానాకు నడిచాను. తిరిగి వచ్చేసరికి ఒంటిగంట. కింద గుంపు వాళ్లు మేకల్ని, ముసలివాళ్లను భుజాల మీద మోసుకొని గట్టెక్కుతున్నారు. ఒకామె నన్ను చూసి, "నువ్వుండంగనే గిట్లయిందా?" అంది. ప్రాణాలు పోలేదు. నారుమళ్లు పోయాయి, పదిహేను మేకలు పోయాయి.

మీ ఎండీ అడిగిన ప్రశ్న గురించి మూడు రోజులు ఆలోచించాను. ఆ పదకొండు స్టేషన్లలో బల్ల మీద వైర్‌లెస్ సెట్టు ఉందా? నీ తీగ కొస ఆ సెట్టుకు జానెడు దూరంలో వేలాడుతోంది. నేను మాట్లాడితే పక్క గది రేడియో కూడా గరగరమంటుంది. చదువు పూర్తి చేసినవాడివి, నువ్వే చూసుకో.

కారం పగిడయ్య


హైదరాబాద్
11 సెప్టెంబరు 2008

పగిడీ,

ఒక సెట్టు అరువు తెచ్చి ఇక్కడ పెట్టి చూశాను. పది మీటర్ల తీగ వేలాడదీసి, డబ్బాకు కరెంటు ఇచ్చి, బటన్ ఒత్తి మాట్లాడాను. పదిసార్లలో ఏడుసార్లు బాణం గుర్తు దగ్గర ఆగింది. నీ గొంతు తీగలోకి దూరి చెత్త అక్షరాలవుతోంది, అది మనిషి పిలిచాడనుకుంటోంది. మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నాకు తట్టలేదు. గేజీ గదిలో కూర్చొని నువ్వు పట్టుకున్నావు.

నిన్ను అడిగిన తీరుకు సిగ్గుపడుతున్నాను. మాఫ్ చెయ్.

ఈసారి కార్డులో కొత్త ఫైలు పంపుతున్నాను. ఆగే సమయం సున్నా. తీగ వినే రంధ్రం ఉన్న కొమ్మకు 'పనిచేయదు' అని రాశాను. ఇది ఎక్కితే నువ్వు సెట్టులో ఎంత మాట్లాడినా డబ్బా పట్టించుకోదు. తలుపు మూసుకుపోతుంది, నేను కూడా మళ్లీ తీగతో లోపలికి రాలేను. అక్టోబరు పరీక్ష పాసవుతుంది.

ఇంకో మాట, ఈ కాగితం చదివాక చింపెయ్. ఎక్కించడమా మానడమా నీ ఇష్టం. ఎక్కించకుండా కార్డు పనిచేయలేదని రాస్తే నేను ఔనంటాను. పరీక్ష ఫెయిలైతే ఇంకో ఏడాది నీ పోస్టు ఉంటుంది. నీకు నేను అంత మాత్రం బాకీ ఉన్నాను, ఎందుకని అడగకు.

అజ్మల్


గేజీ గది, దుమ్ముగూడెం మండలం
12 అక్టోబరు 2008

అజ్మల్,

కార్డు వచ్చిన రోజే ఎక్కించాను. మధ్యాహ్నం రెండింటికి, అన్నం తిని, చేతులు కడుక్కొని. పాత ఫైలు దాచాను, కొత్తది ఎక్కించాను, ఒక్కో అక్షరం రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత బ్యాటరీ తీగ పీకి, మెయిన్ ఆపి, వేసి, వెంటనే సెట్టు బటన్ ఒత్తి "దుమ్ముగూడెం పైస్టేషను, ఉన్నాను" అన్నాను. పచ్చ దీపం వచ్చింది. నమ్మకం కుదరక ఇరవైసార్లు చేశాను. ఇరవైసార్లూ లేచింది. డబ్బా ఇక నా మాట వినదు. మంచిదే, అది వినాల్సింది నీళ్లను.

చింపెయ్యమన్న కాగితం చింపేశాను. అలాంటి మాట ఎందుకు రాశావో అర్థం కాలేదు. గట్టెక్కిన ఆమె ముఖం చూసినవాణ్ణి, నా పోస్టు కోసం డబ్బాను నీళ్లకు చెవిటిదిగా ఉంచమంటావా? సెట్టు కూడా ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకున్నాను.

అసలు సంగతి ఇది. గేజ్ రీడర్ల లిస్టు వచ్చింది. ఎనిమిది మందిని హెల్పర్లుగా తీసుకున్నారు. నా పేరు లేదు. ఈ నెలాఖరుకు తాళంచెవి ఇచ్చి వెళ్లిపొమ్మన్నారు. భద్రాచలం పోయి వెంకటరామారావు సారును అడిగితే, "నా చేతుల ఏం లేదయ్యా, నీ ఫైలుల రిపోర్టున్నది, మిషనును నువ్వే ఆపినవని" అన్నాడు. ఎవరు రాశారంటే చెప్పలేదు. జీపు డ్రైవరో, దుమ్ముగూడెం వర్క్ ఇన్‌స్పెక్టరో అయ్యుంటారు. నువ్వు మెషీన్ ఇంజనీరువి, నీ మాటకు విలువుంటుంది. వైర్‌లెస్ సంగతి నీ కంపెనీ కాగితం మీద రాసి సారుకు పంపు. ఆ తప్పుడు రిపోర్టు ఎవరిదో కూడా కనుక్కో.

పదమూడేళ్లలో మచ్చ లేదురా నాకు. పోస్టు పోతే పోనీ, ఈ మచ్చతో ఎట్లా పోను?

పగిడయ్య


భద్రాచలం, బస్‌స్టాండు ఎదుటి లాడ్జి
29 అక్టోబరు 2008

పగిడీ,

రిపోర్టు నాది.

ఆగస్టు పద్దెనిమిదిన నీకు ఉత్తరం రాశాను కదా, నీ జవాబు వచ్చేదాకా ఆగుతానని. ఇరవై ఒకటిన ఎండీ పిలిచి, ఈ రోజు కాగితం పోకపోతే కాంట్రాక్టు పోతుంది, దాంతో పాటు నువ్వూ పోతావన్నాడు. 'స్టేషనులోని మనిషి కీ నొక్కడం వల్ల' అని రాసి సంతకం పెట్టాను. నీ జవాబు పది పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. అది చదివి బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. తర్వాత నీకు ఫైలు పంపాను, మాఫ్ చెయ్ అని రాశాను, ఈ సంగతి మాత్రం రాయలేదు. పరీక్ష ఫెయిలైతే నీ పోస్టు మిగులుతుంది, నా రిపోర్టు ఎవరూ తీసి చూడరు అనుకున్నాను. నీకు మేలు చేస్తున్నట్టు నటిస్తూ నన్ను నేను కాపాడుకున్నాను.

మూడు రోజులుగా ఇక్కడున్నాను. వైర్‌లెస్ పరీక్ష వివరాలతో, తప్పు నాదని కొత్త రిపోర్టు రాసి తెచ్చాను. సారు రెండు రోజులు బయట కూర్చోబెట్టి, చదివి, ఫైలులో పెట్టి ముద్ర కొట్టాడు. "ఈ ఏడు లిస్టు బంద్ అయింది. వచ్చే ఏడు ఖాళీ ఉంటె చూద్దాం" అన్నాడు. ముద్ర కొట్టిన నకలు ఇందులో పెడుతున్నాను. నీ పేరు మీద మచ్చ లేదు. నౌకరీ కూడా లేదు.

పాల్వంచలో మా ముక్తార్ మామూకు మోటారు వైండింగ్ దుకాణం ఉంది. నీ సంగతి చెప్పాను, ఎప్పుడైనా రమ్మన్నాడు. ఇక్కడి నుంచి నీ దగ్గరికి రెండు గంటల బస్సు. పొద్దున్నే ఎక్కి కూర్చున్నాను, దిగేశాను. నువ్వు రమ్మంటే వస్తాను.

అజ్మల్


కేరాఫ్ పోస్టాఫీసు, దుమ్ముగూడెం
20 నవంబరు 2008

అజ్మల్,

తాళంచెవి ఇచ్చేశాను. నీ ఉత్తరం నకలుతో సహా అందింది. నకలును నాలుగుసార్లు చదివాను, ఉత్తరాన్ని ఒక్కసారే.

కోపం వచ్చింది. ఇంకా ఉంది. నువ్వు తప్పు రాసినందుకు కాదు, ఉద్యోగం పోతుందంటే నేనైనా ఏం రాసేవాణ్ణో తెలియదు. లిస్టులో నా పేరు లేదని ఏడుస్తూ నీకే రాశాను, ఎవరు రాశారో కనుక్కోమని నిన్నే అడిగాను. ఆ ఉత్తరం చేతిలో పట్టుకొని నువ్వు రెండు వారాలున్నావు. దానికి కోపం.

అక్క రామక్క ఊళ్లో ఉంటున్నాను, అడవి లోపల, ఏడు మైళ్లు. మిరప చేలో కూలికి పోతున్నాను. మనుషుల మధ్యే ఉన్నాను, వాళ్లు పగలంతా మాట్లాడుతూనే ఉంటారు, నేను తల ఊపుతాను. వాన పడితే మాత్రం నది ఎంత దాకా వచ్చిందో అనిపిస్తుంది. అది ఇప్పుడు నీ డబ్బాకు తెలుసు.

ముక్తార్ గారి దుకాణం సంగతి సంక్రాంతి దాటాక చెప్తాను. నువ్వు ఇప్పుడు రావద్దు. ఎదురుగా కూర్చుంటే నేను ఏమంటానో నాకే తెలియదు. ఉత్తరం రాయి. ముసలయ్య పోస్టాఫీసులో ఉంచుతాడు, సంతకు వచ్చినప్పుడు తీసుకుంటాను. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. నా జవాబు వచ్చేదాకా నా గురించి నీకు నువ్వే ఏదీ తేల్చుకోకు. ఈసారి ఆగు.

పగిడయ్య